చదవాల్సిన పుస్తకాలు, తియ్యాల్సిన తొడిమలు

ఏప్రిల్లో గుంటూరు వెళ్తే ఎవరింట్లో అయినా చేతికి పని సిద్ధంగా ఉంటుంది. ఏడాది కారం పట్టించుకునే రోజులవి. ఈస్టరు వెళ్ళిన రెండో వారం నేను వెళ్ళేసరికి మావయ్యావాళ్ళ వరండాలో పాత దుప్పటి మీద పది కిలోల మిరపకాయలు పోసి ఉన్నాయి. ఘాటుకి తేజ, రంగుకి బ్యాడిగి. రెండ్రోజులు మేడమీద ఎండి గలగలలాడుతున్నాయి. మావయ్య చిన్న పీట మీద కూర్చుని తొడిమలు తీస్తున్నాడు. ముప్ఫయ్యేళ్ళకు పైగా హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఆ ఇంట్లో పుస్తకాలు బీరువాలు దాటి భోజనాల బల్ల కిందికి, కుట్టుమిషను మీదికి ఎప్పుడో వచ్చేశాయి.

"కూర్చో. మాట్లాడుతూ తియ్యి," అన్నాడు.

నేను ముందు ఫోను తీశాను.

"మావయ్యా, ఇందులో ఏవి ముందు చదవాలో, ఏవి కొట్టెయ్యాలో నువ్వు చెప్పాలి. ప్రార్థన, ధ్యానం, ఆత్మీయ జీవితం, వీటిమీద చదవాల్సినవన్నీ ఒకచోట చేర్చాను. నలభై మూడయ్యాయి."

కారం చేతులు దూరంగా పెట్టి, మెడ చాచి తెర వైపు చూశాడు. నా షీటులో నాలుగు గడులు: పుస్తకం పేరు, రాసినవారు, పేజీలు, పూర్తయిందా లేదా. చివరి గడిలో పదకొండు చోట్ల పచ్చరంగు.

"ఈ పచ్చవి?"

"చదివేసినవి."

"చదివాక ఏమైంది?"

"ఏమవడమేంటి?"

"పదకొండు చదివావుగా. ఏమైందని అడుగుతున్నా."

జవాబు దొరకలేదు. నిజానికి నేను ఆ షీటు మొదలుపెట్టిన కారణం వేరు. నలభై దగ్గర పడుతున్నకొద్దీ, ఆదివారం విన్న ప్రసంగం సోమవారం మధ్యాహ్నం దాకా కూడా నిలవడం మానేసింది. ఆ మాటే చెప్పాను. లోతు కావాలనిపించిందన్నాను.

"లోతు కావాలని నలభై మూడు బావులు మొదలెట్టావన్నమాట."

తెలుగు మేష్టార్లకి ఇలాంటివి నాలుక చివరే ఉంటాయి. నేను పట్టించుకోకుండా ఒక మిరపకాయ తీసుకుని తొడిమ లాగాను. కాయ సగానికి చిరిగి గింజలు ఒళ్ళో పడ్డాయి.

"లాగకూడదు. కొంచెం మెలిపెట్టు. ముచ్చికతో సహా అదే వస్తుంది." చూపించాడు. "నీ పట్టికలో సిలువ యోహాను ఉన్నాడా?"

"ఉన్నాడు. పందొమ్మిదో వరస. 'డార్క్ నైట్'. ఇంకా మొదలుపెట్టలేదు."

"మొదలుపెడితే మూడో అధ్యాయంలో నీ షీటు కనిపిస్తుంది."

స్పెయిన్ దేశపు కర్మలీయ సన్యాసి ఆయన, పదహారో శతాబ్దం. మనకి తెలిసిన ఏడు పాపాల్నీ, అంటే గర్వం, లోభం, కామం వగైరాలని, ప్రార్థనలో కొత్తగా అడుగుపెట్టినవాళ్ళ మీదికి తిప్పి చూపిస్తాడు. లోభం దగ్గరకొచ్చేసరికి డబ్బు ఊసే ఉండదు. ఎన్ని ఉపదేశాలు విన్నా తనివి తీరనివాళ్ళు, ఆత్మీయ గ్రంథాలు కొనడం, చదవడం తప్ప వాటిల్లో చెప్పింది చెయ్యనివాళ్ళు, జపమాల మార్చి జపమాల, సిలువ మార్చి సిలువ కొనేవాళ్ళు, వీళ్ళు ఆయన లెక్కలో లోభులు. అదే అధ్యాయంలో తనకి తెలిసిన ఒక మనిషి గురించి చెప్తాడు. ఆశీర్వదించిన మట్టని మొరటుగా సిలువలా చేసి, ఒక గుండుసూది వంచి బిగించుకుని, పదేళ్ళ పైన దాన్నే పట్టుకుని ప్రార్థించిన మనిషి. ఇంకొకరి జపమాల పూసలు చేప వెన్నెముకలోంచి తీసినవట.

నాకు వెంటనే అత్తయ్య గుర్తొచ్చింది. ఆవిడ పుట్టింటివాళ్ళు కాథలిక్కులు. వంటింట్లో గడియారం వెనక మట్టల ఆదివారం నాటి ఆకు సిలువ ఒకటి దోపి ఉంటుంది. ఏ ఏడాదిదో తెలీదు. జీడిరంగుకి తిరిగి, పొయ్యి పొగకి జిడ్డు పట్టి ఉంటుంది. ఏటా కొత్తది వస్తుంది, అయినా పాతదాన్ని తియ్యదు.

"సరే, పుస్తకాలు పోగేసేవాళ్ళని తిట్టే పుస్తకాన్ని నేను పోగేశాను. అయితే ఏం చెయ్యమంటావు? మానెయ్యనా?"

"మానెయ్యమనలా. తగ్గించు. ఆ యోహానుని 1577 డిసెంబరులో సొంత సభవాళ్ళే పట్టుకెళ్ళి టొలేడోలో మఠం కొట్లో పడేశారు. సంస్కరణ చేస్తున్నాడని కోపం. సుమారు తొమ్మిది నెలలు. కిటికీ కూడా లేదు, పైన ఒక సందు. చేతిలో ఉన్నది రోజువారీ ప్రార్థనల పుస్తకం ఒక్కటి. అది చదవాలన్నా బల్ల మీద నిలబడి ఆ సందులోంచి పడే వెలుతురుకి ఎత్తి పట్టుకోవాలి. ఆయన గొప్ప పాటలు కొన్ని అక్కడ పుట్టినవే. నలభై మూడు పుస్తకాలు ముందేసుకుంటే పుట్టేవా?"

నేను చేతిలో కాయ కింద పెట్టేశాను.

"పుస్తకాలు తక్కువ చదవండని చెప్పేవాళ్ళంతా ఇంటినిండా పుస్తకాలున్నవాళ్ళే, మావయ్యా."

అతను తలెత్తాడు.

"నా పదకొండు పచ్చగళ్ళలో ఆవిలా తెరెసా ఆత్మకథ ఒకటి. ఆ యోహానుకి తల్లిలాంటిది, ఆవిడ పిలిస్తేనే ఆయన ఆ సంస్కరణలోకి వచ్చాడు. 1559లో స్పెయిన్‌లో మతవిచారణ అధిపతి నిషేధించిన పుస్తకాల జాబితా వేశాడు. స్పానిష్‌లో ఉన్న ప్రార్థన పుస్తకాలు బోలెడు అందులో పోయాయి. లాటిను వచ్చిన పండితులకి లాటినులో చదువుకునే దారి ఉంది. లాటిను రాని ఆడవాళ్ళకి ఏముంది? తెరెసా చాలా బాధపడింది. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు చేతిలో పుస్తకం లేకుండా ప్రార్థనకి కూర్చోడానికే భయపడేదాన్నని తనే రాసుకుంది. డాలు పట్టుకున్నట్టు పట్టుకునేదట. నీకు అది లోభంలా కనిపిస్తుందా?"

"ఆ బాధలో ప్రభువు తనకి సజీవ గ్రంథం ఇస్తానన్నాడని కూడా ఆవిడే రాసుకుంది."

"ఇచ్చాడు, ఒప్పుకుంటా. కానీ పుస్తకాలు లాక్కున్నవాడు మంచిపని చేశాడని ఎక్కడా రాయలేదు. ఇచ్చిన దేవుడు వేరు, లాక్కున్న అధికారి వేరు. నువ్వు రెండూ కలిపేస్తున్నావు."

వరండాలో కాసేపు తొడిమలు విరిగే చప్పుడే. మావయ్య తాలుకాయలు ఏరి పక్కకి పెడుతున్నాడు, ఏరాల్సినంత లేకపోయినా.

"మా అమ్మకి చదువు రాదు, తెలుసుగా," అన్నాడు చివరికి. "ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పురుషోత్తమ చౌదరి పాటలు ఎన్ని కంఠతా వచ్చో! గుడిలో అందరి చేతుల్లో పుస్తకం ఉంటే, తనూ ఒకటి ఒళ్ళో పెట్టుకునేది. మూసే ఉంచేది. మా అమ్మకి అక్షరం అక్కర్లేకపోయింది, పాటే గ్రంథమైందని నేను చాలా సభల్లో చెప్పాను. చప్పట్లు కొట్టేవాళ్ళు." ఆగాడు. "ఊళ్ళో పిల్లలందరికీ అక్షరాలు దిద్దించాను. ఆవిడకి దిద్దించలేదు."

నేనేం మాట్లాడలేదు. ఆ వాదన అక్కడితో నేను గెలిచాను. గెలిచినట్టు మాత్రం అనిపించలేదు.

అత్తయ్య మజ్జిగ తెచ్చింది. "చేతులు కడుక్కుని తాగండి. ఈయన కారం చేతుల్తో గ్లాసులే కాదు, పుస్తకాలు కూడా పాడుచేస్తాడు," అని వెళ్ళింది.

మజ్జిగయ్యాక మావయ్య మేష్టారి గొంతులోకి వచ్చాడు. "సరే, తగ్గించమనడం నా పొరపాటు. మాట మారుస్తా. ఒకటి అడుగుతా చెప్పు: మొదటి కీర్తనలో ధన్యుడు రాత్రీ పగలూ ధర్మశాస్త్రాన్ని ఏం చేస్తాడు?"

"ధ్యానిస్తాడు."

"ధ్యానం అనగానే నీకేం కనిపిస్తుంది? కళ్ళు మూసుకుని, పెదవి కదపకుండా కూర్చున్న మనిషి. హెబ్రీలో అక్కడున్న మాటకి గొణగడం అని అర్థం. అదే మాట యెషయాలోనూ కనిపిస్తుంది. ఒకచోట పావురం మూలుగు. ఇంకోచోట వేటాడిన జంతువు మీద కాలేసి సింహం చేసే గుర్రు. పెదాలకీ గొంతుకీ పని ఉండాలన్నమాట. మా అమ్మ చేసింది అదే. పన్నెండో శతాబ్దంలో ఫ్రాన్సు కొండల్లో గ్రాండ్ షార్ట్రూజ్ మఠానికి పెద్దగా ఉన్న రెండో గీగో నాలుగు మెట్లు చెప్పాడు. చదవడం, మననం, ప్రార్థన, ఆ పైన ఊరికే ఉండిపోవడం. చదివితే ముద్ద నోట్లోకి వచ్చినట్టు. మననం అంటే నమలడం. ప్రార్థనకి రుచి తెలుస్తుంది. నాలుగోది ఆ తీపే."

"నెమరు."

"నెమరే! మన భాషలో మాట ముందే ఉంది. పాత చదువు నెమరేసుకోవడం అంటాం గానీ ఆవు గడ్డిదగ్గర ఆ పని చెయ్యదని మర్చిపోతాం. గడ్డి దగ్గర గబగబా మేస్తుంది. నెమరు తర్వాత, నీడన పడుకుని. నీకు మేత ఉంది, నీడ లేదు."

ఇది నాకు నచ్చింది, ఎందుకంటే మేతని తప్పుపట్టలేదు. అయినా ఊరుకోలేదు. "ఎంత నెమరు? ఒక పుస్తకానికి ఏడాదా?"

అప్పుడు పాంబో కథ చెప్పాడు. నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారి సన్యాసి. చదువు రాదు. కీర్తన ఒకటి నేర్పమని ఇంకొకరి దగ్గరికెళ్ళాడు. మన బైబిల్లో 39వ కీర్తన. నాలుకతో పాపం చెయ్యకుండా నా దారులు కాచుకుంటాను అనే అర్థం వచ్చే మొదటి మాట వినగానే లేచాడు. రెండోది అక్కర్లేదు, ఇది చేసి చూసి వస్తానన్నాడు. ఆరు నెలలయినా రాలేదు. ఎందుకు రాలేదంటే ఆ మొదటిది ఇంకా రాలేదన్నాడు. ఎన్నో ఏళ్ళకి మళ్ళీ అడిగితే, పంతొమ్మిదేళ్ళకి కాస్త పట్టుబడిందన్నాడట. చరిత్రకారుడు సోక్రటీసు, అంటే గ్రీకు తత్త్వవేత్త కాదు, ఐదో శతాబ్దంలో సంఘ చరిత్ర రాసిన వేరే సోక్రటీసు, రాసిపెట్టాడు ఈ కథని.

"బాగుంది. కానీ అది వంక కూడా కావచ్చు," అన్నాను. "మొదటి పేజీ ఇంకా పూర్తవలేదని ఏ బద్ధకస్తుడైనా అనొచ్చు. పాంబోకీ బద్ధకస్తుడికీ తేడా బయటికెలా తెలుస్తుంది?"

"బయటికి తెలీదు," అన్నాడు, కొంచెం తొందరగానే.

ఇక పట్టిక దగ్గరకొచ్చాం. ఈ భాగం పాఠకులకి పనికొస్తుందని కొంచెం వివరంగా రాస్తున్నాను గానీ, వరసని పట్టుకోకండి. ఆ రోజు మిరపకాయల కుప్ప తరుగుతున్న వరస అది.

ముందుగా బ్రదర్ లారెన్స్ అన్నాడు. పదిహేడో శతాబ్దం, పారిస్. లొరేన్ ప్రాంతపు పేదింటి కుర్రాడు, సిపాయిగా వెళ్ళి కాలికి దెబ్బ తగిలించుకుని, చివరికి కర్మలీయ మఠంలో వంటవాడయ్యాడు. వంటిల్లంటే స్వతహాగా ఇష్టం లేదు. తర్వాత చెప్పులు బాగుచేసే పనిలో పెట్టారు. 1691లో చనిపోయాడు. ఆయన పుస్తకం రాయలేదు. ఉత్తరాలూ, ఆయనతో జరిగిన సంభాషణలూ తర్వాత వేరొకరు చేర్చారు. చాలా పుస్తకాల్లో చాలా పద్ధతులు చూసి, ఇవి దారి చూపించడం కన్నా తికమక పెట్టేలా ఉన్నాయని పక్కన పెట్టేశాడు. వంట చేస్తూ, పెనం మీద అట్టు తిరగేస్తూ దేవుడి సన్నిధిలో ఉండడం, అంతే. బైబిలు మిషన్‌వాళ్ళు సన్నిధి కూటాలంటారు చూడు, ఆ మాటని వంటింట్లోకి తెచ్చుకో అన్నాడు మావయ్య.

"ఈయన దగ్గరే నాకు చిక్కు," అన్నాను. "ఆ పదకొండులో ఇదీ ఉంది. రెండుసార్లు చదివాను, ప్రయత్నించాను కూడా. అట్టు తిరగేస్తూ దేవుణ్ణి తలుచుకుంటే అట్టు మాడుతుంది. అట్టు మీద ధ్యాస పెడితే దేవుడు జారిపోతాడు. ధ్యాస ఒక్కటే. దాన్ని రెండు ముక్కలు చెయ్యలేం."

"సిమోన్ వేయ్ ఉందా నీ పట్టికలో?"

ఉంది. ఫ్రెంచి తత్త్వశాస్త్రం టీచరు, యూదుల కుటుంబం. క్రీస్తు తనని పట్టుకున్నాడని చెప్పుకుని కూడా ఏళ్ళ తరబడి చర్చి గడప ఇవతలే నిలబడింది. 1943లో ముప్ఫై నాలుగేళ్ళకే పోయింది. బడి చదువుల గురించి ఆవిడ రాసిన ఒక చిన్న వ్యాసం టీచర్లందరూ చదవాల్సింది. నిండు ధ్యాసే ప్రార్థనకి ముడిసరుకు అంటుంది. జ్యామితి లెక్కతో గంటసేపు కుస్తీ పట్టి, లెక్క రాకపోయినా, ఆ ధ్యాస ఎక్కడికీ పోదు, ఒకనాడు ప్రార్థనలో బయటపడుతుంది. 1941లో పొలం పనిలో ఉన్నప్పుడు పరలోక ప్రార్థన గ్రీకులో కంఠతా పట్టి రోజూ చెప్పుకునేది. మధ్యలో మనసు రవ్వంత చెదిరితే మళ్ళీ మొదటినించి.

"అయితే పూర్తి ధ్యాస పెట్టి బ్యాంకు లెడ్జరు చూసినా ప్రార్థనేనా?" నేను పనిచేసేది లోన్ల సెక్షన్లో. "మరి దేవుడెందుకు మధ్యలో?"

మావయ్య ఒక కాయ అందుకుని తొడిమ మెలిపెట్టాడు. "నువ్విప్పుడు అరకిలో దాకా తీశావు. తీస్తున్నంతసేపూ మీ అబ్బాయిని తలుచుకున్నావా?"

"లేదు. నీతో పోట్లాడుతున్నాను."

"ఈ కారంలో రెండు కిలోలు హైదరాబాదు తీసుకెళ్తావు. ఎవరికోసం?"

"వాడికోసమే. వాడికి కొన్న కారం పడదు."

"తలుచుకోకపోయినా వాడికోసమే తీశావు. ఎవరికోసం అన్నది ధ్యాస కింద పొరలో ఉంటుంది. దాన్ని పైకి లాగి మాటిమాటికీ చూసుకోనక్కర్లేదు. లారెన్స్ పదేళ్ళు అవస్థపడ్డానని చెప్తాడు. నాకనిపించేది, ఆ పదేళ్ళూ నువ్వన్నట్టే ధ్యాసని చీల్చబోయి ఉంటాడు. తర్వాత ఎప్పుడో ఆ పేరు పై పొరలోంచి కింది పొరలోకి దిగి ఉంటుంది. ఇది పుస్తకంలో ఉన్న మాట కాదు, నా ఊహ."

ఆ ఊహ నాకు ఆ పుస్తకంలో దొరకని తాళంచెవి. సిమోన్ వేయ్‌కీ లారెన్స్‌కీ మధ్య ఉన్న తేడా ఇదేనేమో. ఆవిడకి ధ్యాస ఎంత గట్టిదన్నది ముఖ్యం, ఆయనకి ఎటు తిరిగి ఉందన్నది. నాకు ఆయన దగ్గర, భయం లేకుండా కూర్చోవచ్చనిపిస్తుంది. ఆవిడ దగ్గర పరీక్ష హాల్లో ఉన్నట్టుంటుంది. ఇద్దర్నీ చదవాలి, కానీ ఒకే నెలలో కాదు.

థామస్ ఎ కెంపిస్ 'క్రీస్తు అనుకరణ' దగ్గర మళ్ళీ గొడవ. నాకు ఆ పుస్తకం చదువుతుంటే ఎవరో చెవి మెలిపెట్టినట్టుంటుంది. మనుషుల్లోకి వెళ్తే తరిగిపోతావు, చదువు వల్ల గర్వం, గదిలో ఉండు! మఠంలో ఉన్నవాళ్ళకి రాసిందాన్ని పిల్లాడి టిఫిను డబ్బా సర్దేదానికి ఎందుకిస్తారు?

"వివేకానందుడు దేశమంతా తిరిగిన రోజుల్లో భగవద్గీతతోపాటు దాన్నే వెంట పెట్టుకున్నాడు. 1889లో కొంత భాగం బెంగాలీలోకి కూడా తెచ్చాడు," అన్నాడు.

"ఆయనా సన్యాసే."

నవ్వేశాడు. "అదీ నిజమే. సరే, దాన్ని పుస్తకంలా చదవకు. అది రాసిన మనిషి బైబిలు మొత్తాన్ని కనీసం నాలుగుసార్లు చేత్తో నకలు రాశాడు. ఇప్పుడు మనం ఒక వాక్యాన్ని ఎంతసేపట్లో దాటేస్తాం? ఆయన పాళీ ముంచి, రాసి, మళ్ళీ ముంచేవాడు. అతని వాక్యం పొట్టిగా, విడివిడిగా ఉండడానికి అదో కారణం కావచ్చు. వారానికొకటి చేత్తో రాసుకో. నచ్చనిదాన్ని కూడా రాసుకో. నచ్చనిదానితో పోట్లాడ్డానికి చేత్తో రాయడమే మంచిది."

అగస్తీను 'కన్ఫెషన్స్' మీద ఇద్దరికీ పేచీ లేదు. 397 తర్వాత మూడు నాలుగేళ్ళలో రాసిన ఆ పుస్తకం మొదటి తొమ్మిది భాగాలూ కథలా పరిగెత్తుతాయి. పదో భాగంలో జ్ఞాపకం గురించి రాసింది నెమ్మదిగా చదవాలి. మిలాను బిషప్ అంబ్రోసు పెదవి కదపకుండా కళ్ళతోనే చదవడం చూసి అగస్తీను ఆశ్చర్యపడి, కారణాలు ఊహించే చోటొకటి ఉంది. మావయ్యకి అది చాలా ఇష్టం. "గొంతు అలిసిపోతుందనేమో, లేకపోతే పక్కవాడు సందేహాలు అడుగుతాడనేమో అనుకుంటాడు చూడు. ఇంట్లో పుస్తకం పట్టుకున్న ప్రతి మొగుణ్ణీ పెళ్ళాం అలాగే చూస్తుంది," అని వంటింటి వైపు చూశాడు.

'క్లౌడ్ ఆఫ్ అన్‌నోయింగ్' కొట్టెయ్యమన్నాడు. పద్నాలుగో శతాబ్దం ఇంగ్లండు, రాసినవాడి పేరు తెలీదు. "ఆ రాసినాయన మొదట్లోనే, ఊరికే తెలుసుకుందామని వచ్చినవాళ్ళు దీన్ని చదవొద్దని బతిమాలుకుంటాడు. చదివితే అంతా చదవండి, ముక్కలుగా వద్దంటాడు. అంత మర్యాదగా అడిగినప్పుడు వినాలి. నీకు ఆకలేసినప్పుడు అదే వస్తుంది."

దానికి బదులు ఒక రష్యన్ యాత్రికుడి కథ ఇచ్చాడు. రాసినదెవరో దానికీ తెలీదు, 1880ల్లో కజాన్‌లో అచ్చయింది. ఎండురొట్టె ముక్కలూ బైబిలూ సంచిలో వేసుకుని తిరిగే మనిషి, ఎడతెగక ప్రార్థించడమంటే ఏంటో తెలుసుకోవాలని ఊరూరూ అడుగుతాడు. ఒక పెద్దాయన యేసు నామ ప్రార్థన నేర్పుతాడు. రోజుకి మూడు వేలసార్లు, తర్వాత ఆరు వేలు, తర్వాత పన్నెండు వేలు. నామజపం తెలిసిన దేశంలో పుట్టినవాళ్ళం, మనకి ఇది పరాయిగా అనిపించదు. దారిలో దొంగలు ఆ సంచి లాక్కుంటే, రొట్టెకి కాదు, పాత పుస్తకాలకి వెక్కివెక్కి ఏడుస్తాడు. తెరెసా గుర్తొచ్చింది నాకు. నా తరఫున ఇంకో సాక్షి దొరికాడు.

"ఇదే మా గుడిలో ఒకరు చూసి, ఇది జపం, మనది కాదు అన్నారు," అన్నాను. "ఈ పట్టికలో సగం కాథలిక్కులవి, మిగతావి యోగాలాంటివి, మన విశ్వాసం వాక్యం మీద ఉండాలి అన్నారు."

"మనం లూథరన్లమేగా. 1842లో హయ్యర్ దొర గుంటూరు వచ్చినప్పటినించీ. లూథరు స్వయంగా అచ్చు వేయించిన మొదటి పుస్తకం ఏంటో తెలుసా? 'థియోలోజియా జర్మానికా'. పేరు లేని ఒక పాత జర్మన్ ధ్యానగ్రంథం. 1516లో కొంత, 1518లో మొత్తం. బైబిలు, అగస్తీను తర్వాత దేవుడి గురించీ మనిషి గురించీ ఇంతగా నేర్పిన పుస్తకం తనకి ఇంకోటి లేదని ముందుమాటలో రాశాడు. జాన్ వెస్లీ 1735లో కెంపిస్‌ని ఇంగ్లీషులో తెచ్చాడు. ఆ పెద్దమనిషితో పోట్లాడకు. టీ తాగుతూ ఈ రెండూ చెప్పు."

"నువ్వయితే పోట్లాడేవాడివి."

"పోట్లాడాను. అందుకే చెప్తున్నా."

మధ్యాహ్నం మూడు దాటింది. కుప్ప అడుగుకొచ్చింది. తొడిమలు ఒకపక్క గుట్టయ్యాయి. తాలుకాయలు మాత్రం చారెడే. గోళ్ళ సందుల్లో మంట మొదలైంది. నీళ్ళతో కడిగితే ఇంకా ఎక్కువవుతుందని అత్తయ్య కొబ్బరినూనె చుక్క వేసి రుద్దుకోమంది. నేను లోపలికెళ్ళి నూనె రాసుకుని, తుడుచుకుని, కుట్టుమిషను మీద దొంతరలో 'డార్క్ నైట్' వెతికాను. ఇంగ్లీషు అనువాదం, అట్ట ఊడి దారంతో కుట్టి ఉంది. మధ్యలో పెళ్ళి శుభలేఖ ముక్క గుర్తుగా ఉంది. తెరిచి చూసి, వరండాలోకి పట్టుకొచ్చాను.

"మావయ్యా, ఇదెప్పుడు కొన్నావు?"

"తొంభై నాలుగులోననుకుంటా."

"గుర్తు మూడో అధ్యాయంలోనే ఉంది."

అతను పీట మీదే కొంచెం కదిలాడు. "రాసినాయనే పూర్తి చెయ్యలేదది. ఎనిమిది చరణాల పాటకి వ్యాఖ్యానం మొదలెట్టి, మూడో చరణం మొదట్లోనే ఆపేశాడు. తెలుసా?"

"ఆయన సంగతి వదిలెయ్యి. నీది పాంబోనా, బద్ధకమా?"

"అమ్మాయ్, ఆటో వచ్చేసింది, మిల్లు నాలుగింటికి కట్టేస్తాడు," అని అత్తయ్య గుమ్మంలోంచి కేకేసింది. మావయ్య బతికిపోయినట్టు లేచి గోనెసంచి నోరు తెరిచి పట్టుకున్నాడు. నేను పుస్తకం మూసే ముందు ఆ పేజీని వెలుతురుకి తిప్పాను. కింది అంచున, బొటనవేలు ఆనే చోట, మరకలున్నాయి. ఒకదాని మీద ఒకటి. కొన్ని వెలిసి ఎండుటాకు రంగుకి తిరిగాయి. కొన్ని ఇటుక రంగు. ఒకటి ఇంకా ఎర్రగానే ఉంది.